ఎసిటాలోప్రామ్: మొదలుపెట్టేటప్పుడు, కలిపేటప్పుడు, మానేటప్పుడు

బెంగళూరులో డిప్రెషన్‌కో, ఆందోళనకో, పానిక్ ఎటాక్‌లకో డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకు తరచుగా రాసే మాత్ర ఎసిటాలోప్రామ్. నెక్సిటో, ఎస్ సిటాడెప్, స్టాలోపామ్ అని కంపెనీకో పేరు, లోపల మందు ఒకటే. సెర్ట్రలిన్, ఫ్లూఒక్సెటిన్, పారొక్సెటిన్‌లాగే ఇదీ ఎస్ఎస్ఆర్ఐ రకం, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేసే మందు. ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో కూడా చాలామందికి నడి మధ్యలో పెద్ద ఇబ్బందేమీ ఉండదు. తేడా కొట్టేది మూడు చోట్ల: మొదటి కొన్ని వారాల్లో, ఇంకో మందు వచ్చి కలిసినప్పుడు, ఆపేసేటప్పుడు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దాదాపు ఆ మూడింటి గురించే. డోసు తేల్చేది మీ డాక్టరే. ఈ అంకెలు ఆయన రాసిన చీటీ మీకు అర్థం కావడానికి, మళ్లీ వెళ్లినప్పుడు సరైన ప్రశ్న అడగడానికి.

చీటీ రాయించుకునే ముందు

పది నిమిషాల కన్సల్టేషన్‌లో మనవాళ్లు సాధారణంగా "నిద్ర పట్టట్లేదు, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు" దగ్గరే ఆగిపోతారు. డాక్టరు అడగకపోయినా చెప్పి తీరాల్సింది ఒకటుంది. ఎప్పుడైనా వరుసగా కొన్ని రోజులపాటు రెండు మూడు గంటలే పడుకున్నా అలుపన్నది లేకుండా తిరగడం, ఎదుటివాళ్లకు సందివ్వకుండా మాట్లాడటం, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టడం, రాత్రికి రాత్రి ఉద్యోగం మానేసి కంపెనీ పెట్టేస్తాననడం జరిగిందా? జరిగితే అది బైపోలార్, అంటే డిప్రెషనూ ఇలాంటి ఉన్మాదమూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు. అలాంటివాళ్లకు ఈ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి డిప్రెషన్‌లోంచి నేరుగా ఉన్మాదంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. చిక్కేమిటంటే ఆ రోజుల్ని ఎవరూ జబ్బు కింద లెక్కేయరు, "అప్పుడు భలే హుషారుగా ఉండేవాణ్ణి" అనుకుంటారు. అందుకే వెంట అన్నయ్యో, భార్యో, చిన్నప్పటి స్నేహితుడో ఉంటే మంచిది. ఇంట్లో ఇంకెవరికైనా బైపోలార్ ఉన్నా చెప్పాలి.

మిగతావి: గుండె జబ్బు, చిన్న వయసులో హఠాత్తుగా పోయిన దగ్గరి బంధువులు, ఫిట్స్, లివర్ సమస్య, కడుపులో పుండు, కంట్లో ప్రెజర్ పెరిగే గ్లాకోమా, గర్భం లేదా ఆ ప్రయత్నం. వాడుతున్న మందులన్నిటినీ, ఆయుర్వేద చూర్ణాలతో సహా, బల్ల మీద పరిచి ఒక ఫొటో తీసుకెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కన్నా అదే నయం.

భాష దగ్గర మొహమాటం వద్దు. తెలుగు మాట్లాడే డాక్టరున్నారా అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగొచ్చు, ఈ ఊళ్లో దొరకడం కష్టమేం కాదు. ప్రభుత్వ సేవ కావాలంటే హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళ చేసినా డబ్బు పడదు, తెలుగు ఎంచుకోవచ్చు.

మెడికల్ షాపు కౌంటరు దగ్గర

ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు రాసిన బ్రాండు లేదని వేరేది ఇస్తే కంగారు అక్కర్లేదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే లైను చదవండి: ఎసిటాలోప్రామ్ ఆక్సలేట్, దాని పక్కన ఎంజీ. అదొక్కటే ఉందా, ఇంకోటి కూడా ఉందా అన్నది అసలు విషయం. పేరు చివర ప్లస్ లాంటి తోక ఉందంటే చాలాసార్లు లోపల క్లోనజెపామ్ కలిసి ఉంటుంది. అది నిద్రమాత్రల జాతిది, కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. మొదటి రెండు మూడు వారాల ఆందోళన తగ్గడానికి క్లోనజెపామ్‌ను విడిగా, తక్కువ డోసులో ఇవ్వడంలో అర్థం ఉంది. కానీ రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని కొనసాగించడం కుదరదు. కలిపిన మాత్ర రాస్తే "విడివిడిగా రాస్తారా?" అని అడగడం మీ హక్కు, అడిగినందుకు మంచి డాక్టరెవరూ కోపగించుకోరు.

సిటాలోప్రామ్ అని ఇంకో మందుంది, పేరులో ఒక్క అక్షరమే తేడా. దాని 20 ఎంజీ సుమారుగా ఎసిటాలోప్రామ్ 10 ఎంజీకి సమానం, ఒకదాని బదులు ఒకటి వేసుకునేది కాదు. షాపువాడు స్ట్రిప్ కత్తిరించి ఐదు మాత్రలే ఇస్తే, ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న మూల చాలాసార్లు అతని దగ్గరే ఉండిపోతుంది. కత్తెర పెట్టకముందే ఫొటో తీసుకోండి, లేదా నిండు స్ట్రిప్ కొనండి. జనఔషధి కేంద్రంలో అదే మందు బాగా తక్కువ ధరకు దొరుకుతుంది.

మొదటి ఆరు వారాలు

సాధారణంగా రోజుకు 5 లేదా 10 ఎంజీతో మొదలుపెడతారు. పానిక్ ఉన్నవాళ్లకు 5 నుంచే, ఎందుకంటే ఎక్కువతో మొదలుపెడితే మొదటి వారం ఆ దడే ఎక్కువవుతుంది. పెద్దవాళ్లకు గరిష్ఠం రోజుకు 20 ఎంజీ, 65 దాటినవాళ్లకు 10. మందు సగానికి తగ్గడానికి ఒంట్లో సుమారు 30 గంటలు పడుతుంది కాబట్టి రోజుకు ఒక్కసారి చాలు. రక్తంలో స్థాయి నిలకడకు రావడానికి ఒక వారం పడుతుంది.

ఆ వారంలోనే కడుపులో తిప్పడం, విరేచనం కాస్త పలచబడటం, తలనొప్పి, చెమటలు, ఊరికే ఆవలింతలు వస్తాయి. మన ఒంట్లో సెరటోనిన్ ఎక్కువ భాగం ఉండేది మెదడులో కాదు, పేగుల్లో. అందుకే మొదట గొడవ చేసేది కడుపే. అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. తిండికీ మందు పనిచేయడానికీ సంబంధం లేదు, వికారం తగ్గడానికే ఆ జాగ్రత్త. మాత్రతో నిద్ర వస్తుంటే రాత్రికి, నిద్ర చెడుతుంటే పొద్దున్నకు మార్చుకోండి. ఏదైనా రోజూ ఒకే వేళకు. ఇవన్నీ ఎక్కువమందికి పది పదిహేను రోజుల్లో తగ్గిపోతాయి. మొదటి నాలుగైదు రోజులు తల తేలిపోతున్నట్టుంటే బండి తీయకండి, అవుటర్ రింగ్ రోడ్డు మీద అస్సలు వద్దు.

మనసు తేలికపడటం మాత్రం ఇంత తొందరగా జరగదు. రెండు నుంచి నాలుగు వారాలకు కొద్దిగా తెలుస్తుంది, పనిచేసిందో లేదో చెప్పాలంటే సరైన డోసు మీద ఆరు వారాలన్నా చూడాలి. పదో రోజున "ఇది నాకు పడట్లేదు" అని డ్రాయర్లో పడేసేవాళ్లు చాలామంది. బాధ మొత్తం అనుభవించి, లాభం మొదలయ్యే ముందు వెళ్లిపోవడమన్నమాట. ఆదివారం ఆదివారం ఒక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: ఎన్ని గంటలు పడుకున్నారు, తిన్నారా, స్నానం చేశారా, ఎవరితోనైనా మాట్లాడారా. డాక్టరుకు "కొంచెం పర్లేదు" కన్నా ఆ పేజీ ఎక్కువ చెబుతుంది.

ఇక మొదటి వారాల్లో ఎక్కడా రాజీ పడకూడని విషయం. మనసు కుదుటపడక ముందే ఒంట్లోకి కొంచెం చురుకు వస్తుంది. కొందరికి కూర్చోలేక నిలబడలేక, చర్మం లోపల చీమలు పాకుతున్నంత అశాంతి పుడుతుంది. 25 ఏళ్లలోపు వాళ్లలో కొద్దిమందికి ఈ దశలో చనిపోవాలన్న ఆలోచనలు కొత్తగా రావడమో, ఉన్నవి పెరగడమో జరగొచ్చు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను 2004లో పిల్లలు, టీనేజర్ల విషయంలో తెచ్చింది, 2007లో 24 ఏళ్ల వరకు పెంచింది. దానర్థం ఆ వయసువాళ్లు ఈ మందు వేసుకోకూడదని కాదు, మొదటి నెలంతా, డోసు మారిన ప్రతిసారీ ఒకరు కనిపెట్టుకుని ఉండాలని. పీజీలో ఒంటరిగా ఉంటే రూమ్మేట్‌కో, ఊళ్లో అక్కకో చెప్పండి, రోజూ సాయంత్రం ఒక ఫోను పెట్టుకోండి. డాక్టరును ఒకటి రెండు వారాల్లోనే మళ్లీ కలవాలి, "నెలాఖరుకి రండి" అంటే ముందే రావచ్చా అని అడగండి. అలాంటి ఆలోచనలు ముందునుంచే ఉంటే పదిరోజుల మాత్రలే కొనండి, స్ట్రిప్ ఇంకొకరి దగ్గర పెట్టండి. ఆలోచన బలంగా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. డాక్టరుకు, 14416కు, 108కి ఫోను చేయండి, లేదా ఎవరినైనా వెంటబెట్టుకుని నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి వెళ్లండి, అది 24 గంటలూ తెరిచే ఉంటుంది.

ఎవరూ నోరు విప్పని ఇంకో ఇబ్బంది: కోరిక తగ్గడం, మగవాళ్లకు స్ఖలనం బాగా ఆలస్యం కావడం, ఆడవాళ్లకు భావప్రాప్తి అందకపోవడం. ఇది చాలామందికి వస్తుంది, వికారంలా దానంతటది పోయే రకమూ కాదు. కొద్దిమందికి మందు ఆపాక కూడా కొన్నాళ్లు ఉండిపోతుంది. కొత్తగా పెళ్లైనవాళ్లు దీనివల్లే చెప్పాపెట్టకుండా మానేసి మళ్లీ మొదటికి వస్తుంటారు. చెబితే దారులున్నాయి: డోసు తగ్గించడం, లేదా ఈ ఇబ్బంది తక్కువగా ఉండే బ్యుప్రోపియాన్, మిర్టజాపిన్ లాంటి వాటికి మార్చడం.

వేరే మందు కలిసినప్పుడు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అదీ సైకియాట్రిస్టు దగ్గర కాదు, జలుబుకో నడుం నొప్పికో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే బీపీ మాత్ర పేరు చెప్పి, దీన్ని మింగేస్తాం.

మొదటిది, సెరటోనిన్ మరీ ఎక్కువైపోవడం. నొప్పికిచ్చే ట్రమడాల్ దీనికి పెద్ద కారణం. అల్ట్రాసెట్ లాంటి వాటిలో పారాసిటమాల్‌తో కలిసి ఉంటుంది కనుక మామూలు నొప్పి మాత్రే అనుకుంటాం. పొడి దగ్గు సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫన్ ఉందేమో సీసా వెనక చూడండి. మైగ్రేన్‌కిచ్చే సుమాట్రిప్టాన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, లిథియం కూడా ఈ జాబితాలోవే. కొన్నిటిని డాక్టరు తెలిసి, కనిపెట్టుకుంటూ ఇస్తారు, కానీ తెలిసి ఇవ్వడం వేరు, తెలియక కలవడం వేరు. పార్కిన్సన్స్‌కు వాడే సెలిజిలిన్ లాంటి ఎంఏఓఐ రకం మందులకూ దీనికీ మధ్య 14 రోజుల ఎడం తప్పనిసరి. ఆన్‌లైన్లో "మూడ్ సప్లిమెంట్" అని అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్, ఫైవ్ హెచ్‌టీపీ దీంతో అస్సలు కుదరవు. మొక్క నుంచి వచ్చిందని ఊరుకోవడానికి లేదు. లక్షణాలు కొత్త మందు కలిసిన కొన్ని గంటల్లో, చాలావరకు ఒక రోజులోపే బయటపడతాయి: వణుకు, ధారగా చెమటలు, విరేచనాలు, గుండె దడ, కాళ్లు వాటంతటవే ఎగిరిపడటం. జ్వరం, మతి తప్పిన మాటలు కూడా తోడైతే క్లినిక్ కాదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకే.

రెండోది రక్తస్రావం. ప్లేట్‌లెట్లు గడ్డకట్టడానికి సెరటోనిన్ కావాలి, ఈ మాత్ర వాటిలోకి దాన్ని చేరనివ్వదు. దానిపై ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ పడితే కడుపులో రక్తం కారే అవకాశం పెరుగుతుంది. మలం తారులా నల్లగా వస్తే అదే గుర్తు. ఒళ్లు నొప్పులకు ఒట్టి పారాసిటమాల్ వేసుకోండి, బెంగళూరు కంపెనీ మైక్రో ల్యాబ్స్ చేసే డోలో 650 ఎలాగూ ప్రతి ఇంట్లో ఉంటుంది. పన్ను తీయించుకునే ముందు డెంటిస్టుకు చెప్పండి.

మూడోది గుండె లయ. ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, ఎసిటాలోప్రామ్ కొద్దిగా పెంచుతుంది, డోసు పెరిగినకొద్దీ ఇంకొంచెం. అది మరీ పెరిగితే లయ తప్పొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒక్కటే అయితే ఇది పెద్ద విషయం కాదు. కానీ ఫుడ్ పాయిజనింగ్ అయి వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయి ఉన్నప్పుడు, ఒకే పూట అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ మూడూ రాసిచ్చారనుకోండి, అవన్నీ అదే క్యూటీని పెంచేవే. గ్యాస్ మాత్రల్లో పేరు చివర డి అనే అక్షరం ఉంటే అది చాలాసార్లు డోంపెరిడోనే. ఇంకో మెలిక: ఎసిడిటీకిచ్చే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఈ మందును లివర్ కరిగించే దారికి అడ్డుపడి రక్తంలో దాని స్థాయిని పెంచుతాయి, పాంటోప్రజోల్‌తో ఆ గొడవ తక్కువ. గుండె జబ్బున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీయించుకోవడం మంచిది. స్పృహ తప్పి పడిపోతే ఆలస్యం చేయకూడదు.

నాలుగోది పిల్లల దగ్గరికి బెంగళూరొచ్చి ఉంటున్న అమ్మానాన్నల సంగతి. అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లు లేక దిగులుపడి ఈ మాత్ర మొదలవుతుంది, అప్పటికే బీపీకి హైడ్రోక్లోరోథయాజైడో, క్లోర్తాలిడోనో వాడుతుంటారు (బ్రాండు పేరు చివర హెచ్, సీటీ లాంటివి ఉంటాయి). రెండూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉండాల్సింది 135 నుంచి 145. తగ్గితే నీరసం, తలనొప్పి, నడకలో తూలడం, మాట తికమక, చివరికి ఫిట్స్. మొదటి నాలుగింటినీ "వయసైపోయింది కదా" అని వదిలేస్తారు, అదే ఇక్కడ ప్రమాదం. 65 దాటినవాళ్లకు మొదలుపెట్టేముందు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి సోడియం పరీక్ష చేయించండి. అమ్మ బాత్రూమ్‌లో జారిపడితే ఎక్స్‌రేతో పాటు సోడియం కూడా చూడమని మీరే అడగండి. షుగర్ ఉన్నవాళ్లు మొదటి నెల ఇంకాస్త తరచుగా చూసుకోవాలి, అంకెలు అటూ ఇటూ కావచ్చు.

మందుపార్టీల గురించి రెండు ముక్కలు చాలు: మానుకోవడమే సరైనది. క్లోనజెపామ్ కూడా ఉంటే అది సలహా కాదు, నిషేధమే, ఊపిరి ఆగిపోవచ్చు.

మర్చిపోతే, ఊరెళ్తే, మాల వేస్తే

ఆ రోజు పడుకునేలోపు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే పోయింది పోయిందే, ఆ వేళకు ఒక్కటే, రెండు కాదు.

శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కేవాళ్లు మాత్రలను డిక్కీలో పడే పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. వేడి ఒక కారణం, పెట్టె తప్పిపోవడం ఇంకో కారణం. పండక్కి నాలుగు రోజులు వెళ్తుంటే పదింటికి తక్కువ కాకుండా తీసుకెళ్లండి, చీటీ ఫొటో ఫోన్లో ఉండాలి. చిన్న ఊళ్లో మీ డోసు స్ట్రిప్ దొరకకపోవచ్చు.

ఏకాదశి ఉపవాసమైనా గుక్కెడు నీళ్లతో మింగొచ్చు. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. అయ్యప్ప మాల వేసినప్పుడు మందులన్నీ ఆపేయడం కొందరికి అలవాటు. 41 రోజులు ఆపడమంటే హఠాత్తుగా మానేయడమే, దాని ఫలితం కిందే ఉంది. క్యాప్సూల్ తొడుగులో జెలటిన్ ఉంటుందన్నదే అభ్యంతరమైతే, ఎసిటాలోప్రామ్ మాత్రగా దొరుకుతుంది, ఆ పట్టింపు క్యాప్సూల్‌గా వచ్చే ఫ్లూఒక్సెటిన్ దగ్గరే వస్తుంది.

మానేటప్పుడు

మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే పూర్తిగా బాగైన రోజు నుంచి కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. మాత్ర మొదలెట్టిన రోజు నుంచి కాదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు రెండేళ్లో, ఇంకా ఎక్కువో.

ఒక్కసారిగా ఆపేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, కళ్లు పక్కకు తిప్పినప్పుడల్లా తలలో చిన్న కరెంట్ షాక్ కొట్టినట్టు ఉండటం, పీడకలలు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు మొదలవుతాయి. ఇది వ్యసనం కాదు, మాత్ర కోసం ప్రాణం కొట్టుకోదు. మెదడు అలవాటుపడ్డ స్థాయి ఉన్నపళంగా పడిపోవడం. చాలామందికి వారం రెండు వారాలు, కొందరికి నెలలు కూడా సాగుతుంది. జబ్బు తిరగబెట్టిందా, మానినందుకా అని తేల్చుకోవడానికి ఒక గుర్తు: మానినందువల్ల వచ్చేది రోజుల్లో వస్తుంది, ఒంటి బాధలతో వస్తుంది, మాత్ర మళ్లీ వేస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాల మీద, మెల్లగా కమ్ముకుంటుంది.

తగ్గించే క్రమం మీ డాక్టరు రాయాలి. నమూనాకు: 20 నుంచి 15, 10, 7.5, 5, 2.5, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు. పైమెట్లు సులువు, కష్టమంతా కింద ఉంది. 5 ఎంజీ దగ్గరే మెదడులో ఈ మందు పట్టుకోవాల్సిన చోట్లలో చాలాభాగం నిండి ఉంటాయి. కాబట్టి 20 నుంచి 10కి దిగినప్పుడు మారేది కొంచెమే, 5 నుంచి సున్నాకు దిగితే ఒక్కసారే పడినట్టు. "5 అంటే చిన్న డోసే కదా, ఆపేయండి" అనే సలహా చాలామందికి పనికిరానిది అందుకే. మధ్యలో గీత ఉన్న మాత్రను మందుల కట్టర్‌తో సగం చేయొచ్చు, కూరగాయల కత్తితో చేస్తే ఒక ముక్క పెద్దదై ఇంకోటి పొడి అవుతుంది. 2.5 కావాలంటే 5 ఎంజీ మాత్ర కొని సగం చేయండి, 10ని నాలుగు ముక్కలు చేయొద్దు. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి కూడా వద్దు, 30 గంటల్లో సగమయ్యే మందు కాబట్టి స్థాయి రోజూ ఎక్కి దిగుతుంది. ఒక మెట్టు మీద బాధ ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కెళ్లి, ఇంకాస్త ఆగి దిగండి. క్లోనజెపామ్ కూడా ఉంటే రెండూ ఒకేసారి తగ్గించకూడదు. దాన్ని హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, వంతులవారీగానే వెళ్లాలి.

గర్భం వచ్చిందని తెలిసిన రోజే భయపడి ఆపేస్తారు. మందు కొనసాగిస్తే పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు చిరాకు, పాలు తాగడంలో ఇబ్బంది లాంటివి ఉండొచ్చు. ఆపేస్తే తల్లికి జబ్బు తిరగబెట్టి తిండీ నిద్రా పోవచ్చు. ఏది ఎక్కువ నష్టమో మనిషిని బట్టి సైకియాట్రిస్టు, గైనకాలజిస్టు కలిసి చూడాలి, అప్పటిదాకా రోజూ వేసుకుంటున్నదే వేసుకోండి.

ఎవరైనా ఎక్కువ మాత్రలు మింగారని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని 108కి ఫోను చేయండి. మనిషి బాగానే కనిపిస్తున్నా ఈసీజీ తీసి కొన్ని గంటలు చూడాల్సిందే.

మందు వల్ల అనుకోని ఇబ్బంది వచ్చిందనిపిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు 1800-180-3024కి కూడా చెప్పొచ్చు, మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం నంబరు అది. మానేశాక మిగిలినవి "నీకూ నాలాగే ఉంది" అంటూ స్నేహితుడికి ఇవ్వకండి, సింకులో పోయకండి. స్ట్రిప్‌తో సహా విడి కవర్లో వేసి, తడి చెత్తలో కలపకుండా చెత్తబండివాళ్లకు మందులని చెప్పి ఇవ్వండి.